సర్వర్ సాబ్ మీద చెయ్యి చేసుకున్నందుకు

దేవుడు చేసినవీ, మనుషులు చేసినవీ, జపాన్ వాళ్లు చేసి పంపినవీ అన్నీ కలిపి చూసినా ఈ లోకంలో ఉన్నవి రెండే రకాలని గల్ఫ్‌లో సలాలా పక్కనున్న రైసూత్‌లోని సాహిల్ సాఫీ సిమెంటు ఇటుకల కంపెనీ 1988లోనే తేల్చి పారేసింది. ఒకటి స్టాఫ్, రెండోది సామాను. స్టాఫ్‌కి ఏసీ గది, రెండేళ్లకోసారి సెలవు, విమానం టికెట్టు, పొద్దునా సాయంత్రం పాలు లేని సులేమానీ టీ ఉంటాయి. సామానుకి తెల్లరంగుతో వేసిన నంబరు, షెడ్డులో చోటు, చెడిపోతే రిపేరు ఉంటాయి. (ఇటుకలు పోసే క్యాంపు మనుషులు ఈ రెండిట్లో ఎందులోకి వస్తారన్నది పరిశీలనలో ఉంది. పరిశీలన ఇంకా మొదలవలేదు.)

ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టింది అడ్మిన్ మేనేజర్ ఖమరుద్దీన్ సాబ్. హైదరాబాద్ మనిషి, మర్యాదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కంపెనీ యజమాని అర్బాబ్ సలాలా ఊళ్లో ఉండేవాడు. ఎప్పుడైనా వచ్చి, టీ తాగి, ఒక ఇటుకను చేత్తో తట్టి చూసి, అంతా సవ్యంగానే ఉందనుకుని వెళ్లిపోయేవాడు. అందుచేత రూల్సన్నీ ఖమరుద్దీన్ సాబ్ చేతుల్లోనే పుట్టి, ఆయన చేతుల్లోనే పెరిగి పెద్దవయ్యాయి.

ఆ ఏడాదే కంపెనీ సర్వరు కొన్నది. మస్కట్ నుంచి దాన్ని తెచ్చిన తబ్రేజ్ అనే ఇంజినీరు, బిల్లులూ హాజర్లూ అన్నీ ఇక ఈ పెట్టె పొట్టలోనే ఉంటాయనీ, ఆఫీసులోని కంప్యూటర్లన్నీ కేబుల్ గుండా దీన్నే అడిగి తీసుకుంటాయనీ చెప్పాడు. దీనికి ఏసీ గది తప్పనిసరి అన్నాడు. "ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదు" అని ఒక కాగితం దాని నెత్తిన అంటించి, విమానం ఎక్కేశాడు.

ఖమరుద్దీన్ సాబ్‌కి ధర్మసంకటం వచ్చిపడింది. సామానుకి ఏసీ ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. రూలు మార్చడానికి ఖమరుద్దీన్ సాబ్ ఒప్పుకోడు. చివరికి ఆయన సర్వరునే స్టాఫ్‌లో వేసేశాడు. స్టాఫ్ నంబరు ఏడు, హోదా డేటా ఆఫీసరు. స్వదేశం అన్నచోట వెనక ఉన్న స్టిక్కరు చూసి తైవాన్ అని రాశారు. పెళ్లయిందా అన్నచోట కాలేదని రాశారు. ఆ రోజు నుంచి అందరికీ అది సర్వర్ సాబ్ అయిపోయింది. పండక్కి స్టాఫ్ అందరికీ ఇచ్చే హల్వా డబ్బా దానికీ ఒకటి వచ్చేది.

ఆ హల్వా తినేది సర్దార్. ప్రొద్దుటూరు కుర్రాడు, టైపు పాసై 1991లో వచ్చి, డేటా ఆఫీసరుకి అసిస్టెంటుగా చేరాడు. అంటే అతని పై అధికారి ఒక పెట్టె అన్నమాట. ఇన్నేళ్లలో ఆ అధికారి అతన్ని ఒక్కసారీ కసరలేదు, పాస్‌పోర్టు దాచలేదు, సొంత బట్టలు ఇస్త్రీ చేయించలేదు. గల్ఫ్ మొత్తం వెతికినా అంత మంచి ఆఫీసరు దొరకడని సర్దారే క్యాంపు వాళ్లతో చెప్పుకునేవాడు.

ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది 1996లో.

ఆ ఆగస్టులో సర్దార్ పెళ్లి. అమ్మాయి రాయచోటి షైస్తా. ముహూర్తం అంతకుముందు ఒకసారి పెట్టి, సర్దార్‌కి సెలవు దొరక్క మార్చారు. ఈసారి కూడా పెళ్లికొడుకు రాకపోతే వేరే సంబంధం చూసుకుంటామని షైస్తా మేనమామ మొహమాటం లేకుండా చెప్పేశాడు. సర్దార్ తల్లి హమీదున్నీసా ఈ కబురంతా ఒక క్యాసెట్‌లో మాట్లాడి, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత పంపింది. క్యాసెట్ చివర షైస్తా గొంతు కూడా ఉంది. "ఏం మాట్లాడల్లో తెలీలే. ఆగస్టుకు రాండి," అన్నది, అంతే. వెనక కోళ్లు అరుస్తున్నాయి. సర్దార్‌కి ఆ గొంతు నచ్చింది, కోళ్లు కూడా నచ్చాయి. క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాడు.

సరిగ్గా అప్పుడే ఖరీఫ్ దిగింది. సలాలాలో ఖరీఫ్ అంటే మన పొలాల ఖరీఫ్ కాదు, జల్లుల కాలం. గల్ఫ్ అంతా ఎండకి మాడుతుంటే అక్కడ మాత్రం కొండలు పచ్చబడి, మంచు కమ్మి, పగలంతా సన్నటి తుంపర పడుతుంది. చుట్టుపక్కల దేశాలవాళ్లు కార్లేసుకుని వచ్చి ఆ తుంపరలో చాపలు పరుచుకుని కూర్చుంటారు. సలాలా ఆఫీసుల్లో ఏసీలు ఆపేసి కిటికీలు తెరవడం ఆనవాయితీ. ఖమరుద్దీన్ సాబ్ ఆ ఆనవాయితీని సర్క్యులర్ చేశాడు. ఖరీఫ్ గాలి స్టాఫ్ హక్కు అని అందులో ఉంది. సర్వర్ సాబ్ కూడా స్టాఫే గనక ఆయన గది కిటికీ బార్లా తెరిచారు. ఆయనకి గాలి బాగా తగలాలని బల్లను కూడా కిటికీ దగ్గరికి జరిపారు. అంతకుముందు ఏళ్లలో వయసులో ఉన్నాడు గనక తట్టుకున్నాడు. ఈసారి తట్టుకోలేకపోయాడు.

ఒక పొద్దున ఆఫీసులోని కంప్యూటర్లన్నీ సర్వరు కనబడటం లేదన్నాయి. బిల్లుల్లేవు. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. రోజూ ఇక్కడి నుంచి సైట్లకు ఏం వెళ్తుందో ఒక చిట్టీ సర్వరులోంచి అచ్చయి రావాలి. పారలు పన్నెండు, మిక్సరు ఒకటి, మనుషులు ఎనిమిది, ఇలా. ఆ చిట్టీ లేనిదే గేటు దాటనివ్వరు. పారలూ, మిక్సరూ, మనుషులూ ఒకే గోడవార తుంపరలో ఆగిపోయారు. ఆ మనుషుల్లో పెద్దవాడు జగిత్యాల పెద్దులు, తలమీద సిమెంటు సంచి కప్పుకుని కిటికీలోంచి తొంగిచూశాడు.

"సర్వర్ సాబ్‌కు పానం బాగలేదా, సర్దార్ భాయ్?"

"అట్లే ఉంది పెద్దులన్నా."

"అయ్యో," అన్నాడు పెద్దులు మనస్ఫూర్తిగా.

ఖమరుద్దీన్ సాబ్ అస్వస్థతపై విచారణ సంఘం వేశాడు. సంఘంలో ఆయన, సర్దార్, అకౌంటెంటు సంజీవ్ ఉన్నారు. ముందు సంఘం కేబుల్ వెంబడి మోకాళ్లమీద పాకింది. కేబుల్ రెండు చివర్లా బిగించాల్సిన చిన్న మూతల్లో ఒకటి లేదని తేలింది. కాలికి గుచ్చుకుంటోందని అది ఊడదీసి, ఫ్యాను గాలికి బిల్లులు ఎగరకుండా తనే వాటి మీద బరువు పెట్టుకున్నానని సంజీవ్ ఒప్పుకున్నాడు. మూత మళ్లీ బిగించారు. ఫలితం లేదు. (ఇక బిల్లులు కూడా ఎగిరిపోవడం మొదలైంది.) చివరికి మస్కట్‌కి ఫోను చేశారు.

"గది పొడిగా ఉందా సాబ్?" అని అడిగాడు తబ్రేజ్.

"పొడి ఏంది మియా, మాషాఅల్లా, జల్లు మొహానికి తగులుతుంటది."

"ఎవరి మొహానికి?"

"సర్వర్ సాబ్ మొహానికి."

లైను తెగిందేమోనని ఖమరుద్దీన్ సాబ్ రిసీవరుని రెండుసార్లు ఊపాడు. కిటికీ మూసెయ్యమని తబ్రేజ్ బతిమాలాడు. స్టాఫ్ హక్కు తీసెయ్యడం తన వల్ల కాదని ఖమరుద్దీన్ సాబ్ బాధపడ్డాడు. పోనీ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూడమన్నాడు తబ్రేజ్. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదని మీరే అంటించిపోయారు, రాసిన మాటను నోటి మాట కొట్టెయ్యదు, ఫ్యాక్సు పంపండి అన్నాడు ఈయన. మధ్యాహ్నానికి ఫ్యాక్సు వచ్చింది. దాన్ని పాత కాగితం మీద అంటించి, సర్వర్ సాబ్‌ని ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆపారు.

మళ్లీ ఆన్ చేస్తే దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, అంతకుమించి ఏమీ జరగలేదు. లోపల ఫైళ్లన్నీ రాసుకుని ఉండే పళ్లెం తడిగాలికి అంటుకుపోయి తిరగడం మానేసింది. ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా అంతే. ఖమరుద్దీన్ సాబ్ నిట్టూర్చి, స్టాఫ్ నంబరు ఏడు సిక్ లీవులో ఉన్నట్టు ప్రకటించాడు.

సర్దార్ సెలవు అర్జీ నెల రోజులుగా ఆయన బల్లమీదే ఉంది.

"సాబ్, నా సెలవు సంగతి?"

"ఎట్లయితది మియా? ఒక డిపార్ట్‌మెంట్‌ల ఇద్దరికి ఒకేసారి సెలవు రూల్‌ల లేదు. సర్వర్ సాబ్ సిక్ లీవ్‌ల ఉన్నడు. ఆయన నీకు సీనియర్."

"సాబ్, అది డబ్బా."

"పై ఆఫీసర్‌ను డబ్బా అంటే మెమో ఇయ్యాల్సొస్తది. నువ్వు మంచిగున్నవ్, పేరు ఖరాబ్ చేసుకోకు."

"నాకు ఆగస్టులో పెండ్లి సాబ్. ఈతూరి పోకుంటే పిల్లనియ్యరు."

"సర్వర్ సాబ్‌కు కూడా పెండ్లి కాలే. ఎన్నడన్న ఫికర్ చేసిండా?"

ఖమరుద్దీన్ సాబ్ ఈ మాట ఓదార్పుగానే అన్నాడు. ఆయనలో వెటకారం మచ్చుకైనా లేదు. అదే సర్దార్‌ని మండించింది. కోళ్ల అరుపులు, ఆ గొంతు, మేనమామ మొహం, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఒళ్లు తెలియని కోపంలో కుడిచెయ్యి ఎత్తి సర్వర్ సాబ్ చెంప చెళ్లుమనిపించాడు.

లోపల కిర్రుమంది. తర్వాత సన్నగా ఈల వేసినట్టు చప్పుడు లేచింది. పళ్లెం తిరిగింది. కాసేపటికి పక్కగదిలోంచి "వచ్చింది, బిల్లు వచ్చింది," అని సంజీవ్ పరుగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర చిట్టీ అచ్చయింది. పారలూ, మిక్సరూ, మనుషులూ లారీ ఎక్కి వెళ్లిపోయారు.

ఖమరుద్దీన్ సాబ్ మొహంలో ఆనందమూ ఆందోళనా ఒకదాన్నొకటి తోసుకున్నాయి. సర్వర్ సాబ్ డ్యూటీలో చేరాడు, సంతోషం. కాని స్టాఫ్ నంబరు పందొమ్మిది, స్టాఫ్ నంబరు ఏడు మీద, ఆయన అనారోగ్యంతో ఉండగా, సాక్షుల ముందు చెయ్యి చేసుకున్నాడు. దీనికి శిక్ష డిస్మిస్. డిస్మిస్ చేస్తే ఊరికి పంపేస్తారు, ఆ మాటకొస్తే పెళ్లికి అందుకోవచ్చు కూడా. కాని ఉద్యోగం ఊడిన పెళ్లికొడుకుని షైస్తా మేనమామ గడప తొక్కనివ్వడు. సర్దార్ చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు. ఖమరుద్దీన్ సాబ్ దాన్ని సర్వర్ సాబ్ వైపు తిరిగి చెప్పమన్నాడు. చెప్పాడు.

మర్నాడు కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. సర్వర్ సాబ్ మళ్లీ పడకేశాడు. సంజీవ్ వెళ్లి చంటిపిల్లను నిద్రలేపినట్టు మెల్లగా తట్టాడు, కదల్లేదు. ఖమరుద్దీన్ సాబ్ ఖురాన్ ఆయత్ చదివి ఊదాడు, కదల్లేదు. ఇద్దరూ సర్దార్ వైపు చూశారు. సర్దార్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మెమో ఇస్తారు సాబ్. నేను కొట్టను."

ఖమరుద్దీన్ సాబ్ ఆ పూట అన్నం మానేసి ఆలోచించాడు. ఒక స్టాఫ్ ఇంకో స్టాఫ్‌ని కొడితే అది నేరం. కాని సామాను వచ్చి స్టాఫ్‌కి తగిలితే అది ప్రమాదం. ప్రమాదానికి ఎవరికీ మెమో ఉండదు. సాయంత్రం అసర్ నమాజుకి ముందే దారి దొరికింది. సర్దార్‌ని స్టాఫ్‌లోంచి తీసేసి సామాను కింద రాశారు. జాబితాలో సుత్తికీ స్పానరుకీ మధ్య ఖాళీ ఉంటే అక్కడ "చేతి పనిముట్టు, కుడి, ఒకటి" అని చేర్చారు. జీతం మారదనీ, ఇది కాగితం మీద సంగతేననీ ఖమరుద్దీన్ సాబ్ భుజం తట్టాడు. స్టోర్ కీపరు తెల్లరంగూ కుంచే పట్టుకుని వచ్చాడు. సర్దార్ గంటసేపు బేరమాడి నంబరు చెప్పుల అడుగున వేయించుకున్నాడు.

రాత్రి ఆగినప్పుడల్లా పళ్లెం మళ్లీ అంటుకుపోయేది గనక సర్వర్ సాబ్‌కి రోజూ వైద్యం జరగసాగింది. పొద్దున టీ అవగానే సంజీవ్ స్విచ్ వేసేవాడు, సర్దార్ ప్రమాదవశాత్తు తగిలేవాడు. బిల్లులు వచ్చేవి. ఇక ఏ అడ్డూ లేదు గదా అని సర్దార్ మళ్లీ సెలవడిగాడు.

"సామానుకు సెలవేంది మియా?" అని ఖమరుద్దీన్ సాబ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నిన్న సుత్తి అడిగిందా? మొన్న స్పానర్ అడిగిందా?"

సర్దార్ గదికెళ్లి క్యాసెట్ పెట్టుకున్నాడు. ఆగస్టుకు రాండి అన్నది షైస్తా. ఇక తనకి ఆ పిల్ల దక్కదేమోనని అతనికి భయమేసింది, ఏడుపొచ్చింది. ఏడ్చాక బుర్ర పనిచేసింది. ఇన్నేళ్లు ఖమరుద్దీన్ సాబ్ కింద పనిచేసినవాడికి ఆయన భాష రాకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు సంజీవ్ స్విచ్ వేశాడు. సర్దార్ చెయ్యి గాల్లో లేచి, దారిలో మనసు మార్చుకుని, పెట్టె మీద ఈగ వాలినట్టు వాలింది. సర్వర్ సాబ్ కదల్లేదు. మళ్లీ కొట్టాడు. కదల్లేదు.

"సాబ్, పనిముట్టు చెడిపోయిండాది," అన్నాడు సర్దార్ వినయంగా.

ఖమరుద్దీన్ సాబ్ అరచెయ్యి తిప్పి తిప్పి చూశాడు. వేళ్లు ముడిచి తెరిచి చూశాడు. "ఇక్కడ రిపేర్ అయితదా?"

"కాదు సాబ్. తయారైన చోటికే పంపల్ల."

"తయారీ ఎక్కడ?"

"ప్రొద్దుటూరు సాబ్. తయారు జేసినోళ్లు ఇంకా బాగనే ఉండారు."

ఖమరుద్దీన్ సాబ్ కళ్లు చెమర్చాయి. తన రూల్సుని ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషిని, కాదు, పనిముట్టుని, ఆయన అంతవరకూ చూడలేదు. సామాను సర్వీసింగుకి పంపడానికి సీనియారిటీ అక్కర్లేదు, సిక్ లీవులు అడ్డు రావు. పూటలో అనుమతి వచ్చేసింది. సెప్టెంబరు దాటకుండా పనిచేసే స్థితిలో తిరిగి రావాలి, అంతే షరతు.

ఈలోగా సర్వర్ సాబ్‌ని ఎవరు కొట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఇటుకలు ఎత్తే చేతులు గట్టివని పెద్దులుని పిలిపించారు. పెద్దులు సిమెంటు చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని ఒక్కటిచ్చాడు. సర్వర్ సాబ్ ఉలిక్కిపడి లేచాడు. ఖమరుద్దీన్ సాబ్ తృప్తిపడి, ఇతన్ని కూడా వెంటనే సామాను కింద రాయమని స్టోర్ కీపరుతో అన్నాడు.

"నన్ను మల్ల రాసుడెందుకు సారూ?" అన్నాడు పెద్దులు. "పొద్దుగాల చిట్టీల పారలు, మిక్సరు, గా వెన్క మేమే ఉంటిమి గద. ఎనిమిదేండ్ల సంది గా చిట్టీలనే పోతున్నం, గండ్లనే వస్తున్నం."

అతని మాటలో కోపమేమీ లేదు, రాసే పని తప్పిద్దామనే అన్నాడు. ఖమరుద్దీన్ సాబ్ చిట్టీ తెప్పించి చూసి, నిజమేనని తలూపి, ఒక సంతకం తగ్గినందుకు సంతోషించాడు. (పరిశీలనలో ఉన్న విషయం ఆ విధంగా పరిశీలన లేకుండానే ముగిసింది.)

సర్దార్ బొంబాయిలో దిగి, మద్రాసు మెయిలెక్కి, ఎర్రగుంట్లలో దిగి, బస్సులో వేలాడుతూ ప్రొద్దుటూరు చేరాడు. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. మేనమామ బిర్యానీ దగ్గర నవ్వాడు కూడా. షైస్తా గొంతు క్యాసెట్‌లో కంటే బాగుంది. సర్దార్ తన జన్మలో అంత సుఖంగా ఎప్పుడూ లేడు.

"ఆడ మీ పనేంది?" అని అడిగిందామె ఒకరోజు.

"ఒక పెద్ద ఆఫీసరు ఉండాడు. ఆయప్పకు పొద్దున్నే ఒకటి ఇయ్యల్ల."

షైస్తా పడీ పడీ నవ్వింది. తనను కూడా తీసుకుపోతారా అంది. తీసుకుపోతానని మాటిచ్చాడు. స్టాఫ్‌కి కుటుంబంతో ఉండటానికి చిన్న ఫ్లాటు ఇస్తారనీ, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందనీ చెప్పాడు. ఆమె దానికి పరదా ఏ రంగుది వెయ్యాలో కూడా అనుకుంది.

సెప్టెంబరు చివర తిరిగొస్తే గేటు దగ్గర స్టోర్ కీపరు అతని అరచెయ్యి నొక్కి చూసి, బాగుందని రాసుకుని లోపలికి వదిలాడు. ఖరీఫ్ వెళ్లిపోయింది. కిటికీ మూసేశారు, ఏసీ వేశారు, పళ్లెం అంటుకోవడం మానేసింది. అయినా వైద్యం మధ్యలో ఆపకూడదని రోజూ పొద్దున ఒకటి తగిలిస్తూనే ఉన్నారు. సర్దార్ నేరుగా ఖమరుద్దీన్ సాబ్ దగ్గరికి వెళ్లి, పెళ్లి హల్వా చేతిలో పెట్టి, తనని మళ్లీ స్టాఫ్‌లో రాయమన్నాడు.

"నువ్వు స్టాఫ్ అయితే సర్వర్ సాబ్‌ను కొట్టేదెవరు?" అన్నాడాయన హల్వా నోట్లో వేసుకుంటూ.

"పెద్దులన్న ఉండాడు గదా సాబ్."

"వాడు సైట్ సామాను. ఆఫీస్ సామాను నువ్వు."

"మా ఇంటామెను పిలిపించుకోవల్ల సాబ్. మాటిచ్చినా. ఫ్లాటు కావల్ల."

ఖమరుద్దీన్ సాబ్ నములుతున్నది ఆపేశాడు. ఆయనకి నిజంగా జాలేసింది. సామానుకి కుటుంబం ఉండదు, ఆ మాట రూల్సులో ఎక్కడా లేదు. రూల్సన్నీ మనసులో ఒకసారి తిరగేసి, ఆశగా తలెత్తాడు.

"ఆమెను స్పేర్ పార్ట్ అని ఇండెంట్ పెడతవా మియా? ట్రై చేద్దాం."

సర్దార్ బయటికొచ్చాడు. ఏసీ గదిలో స్టాఫే ఉండాలి గనక అతని మంచం, టేపురికార్డరు అప్పటికే బయట పెట్టేశారు. తన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని క్యాంపుకి నడిచాడు. పెద్దులు తన చాప కొంచెం పక్కకి జరిపి చోటిచ్చాడు, గ్లాసులో టీ పోసిచ్చాడు.

"ఏం ఫికర్ జెయ్యకు సర్దార్ భాయ్. అలవాటయితది," అన్నాడు.

ఆ డిసెంబరులో కంపెనీ లెక్కలు మూశారు. స్టాఫ్ నంబరు ఏడుకి, అనారోగ్యాన్ని లెక్కచేయకుండా డ్యూటీ చేసినందుకు, ఇంక్రిమెంటు ఇచ్చారు. సర్దార్ విలువలో ఇరవై శాతం తరుగుదల కింద కొట్టేశారు. పెద్దులు పేరు పక్కన మాత్రం ఏమీ రాయలేదు, ఎనిమిదేళ్లుగా తరిగాక తగ్గించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.